బియ్యం సంచితో పాటు రావాల్సినవి
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పౌర సరఫరాల శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



పెద్దవాళ్ల తిండిలో విటమిన్లు, ఖనిజాలు చాలకపోతే అది ఆకలిలా బయటికి కనిపించదు. కడుపు నిండుతుంది, పని సాగుతుంది, నడుము చుట్టుకొలత పెరుగుతూ కూడా ఉండొచ్చు. లోపల మాత్రం నెత్తురుకు ఇనుము, ఎముకకు కాల్షియం, నరానికి బి12 అందకుండా పోతుంటాయి. తెలుగు నేల మీద ఈ కొరతకు చాలావరకు మూలం కంచంలోనే ఉంది. అన్నం ఎక్కువ, అన్నంలో కలుపుకోవాల్సినవి తక్కువ. ఆ అన్నంలో పెద్ద వాటా చౌక ధరల దుకాణం నుంచే వస్తోంది. ఇది వైద్య ఆరోగ్య శాఖకు రాయాల్సిన లేఖ కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ శాఖ చేతిలో ఉన్నది మాత్ర. కోట్ల మంది నెలనెలా రేషన్ షాపు నుంచి ఇంటికి ఏం మోసుకెళ్లాలో నిర్ణయించేది పౌర సరఫరాల శాఖ.

లెక్క చిన్నదే. తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోలు, ఆంధ్రప్రదేశ్‌లో 5 కిలోల బియ్యం ఇస్తున్నారు. 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు. పాలిష్ పట్టిన 200 గ్రాముల మామూలు బియ్యం నుంచి 700 కిలోక్యాలరీల శక్తి వస్తుంది. కూర్చుని పనిచేసే మనిషికి రోజంతా కావాల్సిన దాంట్లో అది మూడో వంతు. ఇనుము మాత్రం ఒకటిన్నర మిల్లీగ్రాముల లోపే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం రోజుకు మగవాళ్లకు 19, ఆడవాళ్లకు 29 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. కాల్షియం 1000 మిల్లీగ్రాములు కావాల్సిన చోట ఈ బియ్యం ఇచ్చేది 20 కూడా కాదు. విటమిన్ ఎ, సి, డి, బి12 అసలే లేవు.

అదే సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు 2000 కిలోక్యాలరీల రోజు తిండిని ఇలా పంచాయి: ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పల్లీలు, నువ్వుల లాంటివి 35 గ్రాములు, ఆపైన కాస్త నూనె. ఇందులో ధాన్యం వాటాను రెండు ప్రభుత్వాలూ దాదాపుగా భరిస్తున్నాయి. తక్కినదాన్ని చాలావరకు బజారు ధరకు వదిలేశాయి. కందిపప్పు ధర ఎక్కిన నెలలో పప్పు పల్చబడుతుంది, టమాటా ధర మండిన వారంలో కూర మాయమవుతుంది, పచ్చడి మెతుకులతో పూట గడుస్తుంది.

ఈ కొరతలు జబ్బులా కాకుండా అలసటలా, వయసు మీద పడినట్టుగా కనిపిస్తాయి. మెట్లెక్కితే ఆయాసం, అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు, నోటి మూలలు పగలడం, కారం తగిలితే నాలుక భగ్గుమనడం, నడుము నొప్పి, పిక్కలు లాగడం. వీటిలో ఒక్కొక్కదానికి వేరే కారణాలూ ఉండొచ్చు కాబట్టి పరీక్ష లేకుండా తేల్చలేం. ఊళ్లో ఇలాంటి మనిషి ముందుగా వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి. అక్కడ ఒక సెలైన్ సీసా, అందులోకి పసుపుపచ్చ బి కాంప్లెక్స్ సూదిమందు, పైన ఒక బలం టానిక్కు. రెండు రోజులు హుషారుగా ఉంటుంది. ఆ ఖర్చుతో ఇంటికి ఒక ట్రే గుడ్లు వచ్చేవి.

అన్నం మీదే ఆధారపడితే ఏమవుతుందో తెలుగు జిల్లాలు ఒకసారి గట్టిగా అనుభవించాయి. 20వ శతాబ్దం మొదటి సగంలో ఉత్తర సర్కారుల్లో, అంటే విశాఖపట్నం నుంచి గుంటూరు దాకా ఉన్న కోస్తాలో, బెరిబెరి పాతుకుపోయిన జబ్బు. కాళ్లు నీరు పట్టి, నరాలు చచ్చుబడి, ముదిరితే గుండె ఆగే జబ్బది. బి1 విటమిన్ అయిన థయమిన్ లేకపోవడమే దానికి కారణం. అదే మద్రాసు ప్రెసిడెన్సీలోని తమిళ జిల్లాల్లో బెరిబెరి అరుదు. అక్కడివాళ్లూ తినేది అన్నమే, కాకపోతే ఉప్పుడు బియ్యం. ఇక్కడ పచ్చి వడ్లను మరలో తెల్లగా పట్టించేవారు. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టిస్తే పైపొరలోని బి విటమిన్లు గింజ లోపలికి దిగుతాయి. తర్వాత పాలిష్ పట్టినా, కడిగినా అవి కొంత నిలుస్తాయి. పచ్చి బియ్యంలో అవి తవుడుతో పాటు పోతాయి, మిగిలినవి కడుగు నీళ్లలో, వార్చిన గంజిలో పోతాయి.

కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో డబ్ల్యు.ఆర్. అయిక్రాయిడ్, ఆయన సహచరులు ఈ సంగతులన్నీ కూర్చి భారతదేశపు బియ్యం సమస్య మీద 1940లో ఒక నివేదిక వెలువరించారు. ఆ పరిశోధనాలయం 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో బెరిబెరి పరిశోధన విభాగంగా మొదలైంది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తెల్లబియ్యం తెచ్చిన జబ్బు కోసం పుట్టిన సంస్థ, తెల్లబియ్యం తినే రాష్ట్రాల మధ్యకే వచ్చి తార్నాకలో స్థిరపడింది. పౌర సరఫరాల శాఖ ఎంతసేపూ ధాన్యం సేకరణ, గోదాములు, మిల్లర్ల బకాయిలు చూసుకుంటుంది తప్ప, ఆ సంస్థను పక్కన కూర్చోబెట్టుకుని సరుకుల జాబితా రాసుకున్న దాఖలా కనబడదు.

బెరిబెరి వెనక్కి తగ్గింది కానీ ఉప్పుడు బియ్యం తెలుగు వంటింట్లోకి రాలేదు. ఇందులో ఒక విచిత్రం ఉంది. తెలంగాణ మిల్లులు యాసంగి వడ్లను పెద్ద ఎత్తున ఉప్పుడు బియ్యంగానే మారుస్తాయి, ఎందుకంటే ఎండలకు పండిన ఆ గింజను పచ్చిగా పడితే నూకలైపోతుంది. 2021-22లో ఆ బియ్యం కొనలేమని కేంద్రం, కొనాల్సిందేనని రాష్ట్రం పట్టుబట్టాయి. గొడవ ఢిల్లీలో ధర్నా దాకా వెళ్లింది. నిల్వల గురించి, రాజకీయాల గురించి అప్పట్లో చాలా మాట్లాడారు. బి విటమిన్ల లెక్కన మెరుగైన బియ్యం ఇక్కడే తయారవుతూ ఇక్కడివాళ్లే ముట్టుకోకుండా పొరుగు రాష్ట్రాలకు పోతోందన్న మాట ఆ రగడలో పెద్దగా పైకి రాలేదు.

మెట్ట ప్రాంతాల కథ ఇంకో దారిన నడిచింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం పేదల ఆకలిని తగ్గించింది. జొన్నరొట్టె, సజ్జ, గటక, రాగి సంగటి తినే తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో అన్నం రోజువారీ తిండిగా మారడానికి కూడా అది తోడ్పడింది. బోర్లు, కాలువలు, మిల్లులు తక్కిన పని పూర్తి చేశాయి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, సజ్జల్లో 6 మిల్లీగ్రాముల పైన ఇనుము ఉంటాయి. వాటి చోటుకు వచ్చిన తెల్లబియ్యంలో ఆ రెండూ నామమాత్రం.

అలాగని పాత రోజుల్ని నెత్తికెత్తుకోవడం తగదు. జొన్న మీదే బతికిన దక్కను పేదల్లో పెల్లాగ్రా ఉండేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది, విరేచనాలు పట్టుకునేవి, ముదిరితే మతి తప్పేది. అది నియాసిన్ అనే బి విటమిన్ లోటు. హైదరాబాద్ సంస్థకే చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ఆ లోటును జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లంతో ముడిపెట్టి వివరించారు. చిరుధాన్యాలను సర్వరోగ నివారిణిగా అమ్ముతున్న నేటి ప్రచారకులు ఈ పాత సంగతిని చెప్పరు. గింజ మార్చినంత మాత్రాన కొరత తీరదు, గింజకు తోడు కావాలి.

ఇప్పటి కొరతల్లో ముందు చెప్పుకోవాల్సింది ఇనుము. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 25 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆడవాళ్ల లెక్క ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6 శాతం. వేలి కొన నుంచి తీసిన చుక్కతో కొలిచారు కాబట్టి ఈ అంకెలు కాస్త ఎక్కువగా వచ్చాయని, సిర నుంచి నెత్తురు తీసి కొలిస్తే తగ్గుతాయని నిపుణుల్లో వాదన ఉంది. సగానికి సగం కొట్టేసినా మిగిలేది తక్కువేమీ కాదు. పైగా రక్తహీనత అంతా ఇనుము లోటే కాదు. ఫోలేటు, బి12 లోట్లు, పేగుల్లో కొంకిపురుగులు, నెలసరిలో అధిక రక్తస్రావం, సికిల్‌సెల్, తలసీమియా కూడా దానికి కారణాలే.

ఇనుము విషయంలో తిన్నది ఒక లెక్క, ఒంటపట్టింది ఇంకో లెక్క. మాంసం, చేపల్లోని ఇనుము తేలిగ్గా ఒంటపడుతుంది. ధాన్యం, పప్పు, ఆకుకూరల నుంచి వచ్చేదాంట్లో పదో వంతు కూడా పట్టడం కష్టమే. గింజల్లోని ఫైటేట్లు, టీ కాఫీల్లోని టానిన్లు దాన్ని పట్టుకుని వదలవు. అన్నం తిని చెయ్యి కడుక్కోగానే టీ గ్లాసు అందుకోవడం ఊళ్లోనూ పట్నంలోనూ ఉన్న అలవాటు. తిన్న ఇనుముకు అదే పెద్ద గండి. అదే భోజనంలో నిమ్మరసం, జామకాయ, ఉసిరి, టమాటా లాంటివి ఉంటే విటమిన్ సి సాయంతో ఇనుము ఎక్కువగా పడుతుంది. పప్పులో నిమ్మచెక్క పిండుకోవడానికి, టీని గంట ఆలస్యం చేయడానికి పెద్దగా ఖర్చు లేదు. అయితే విటమిన్ సి వేడికీ నిల్వకూ ఆగదు. ఏడాది ఊరిన నిమ్మకాయ పచ్చడిని తాజా నిమ్మకాయతో సమానంగా లెక్కేయడం కుదరదు.

బి12 తీరు వేరు. మొక్కలు దాన్ని తయారు చేయవు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం తప్ప మామూలు తిండిలో దానికి వేరే దారి లేదు. 2014 నాటి నమూనా నమోదు సర్వే తెలంగాణలో 15 ఏళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులేనని లెక్కతేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇంచుమించు అంతే. మరి బి12 లోటు ఇక్కడ ఎందుకుండాలి? మాంసం తింటామని సర్వేలో చెప్పడం ఒకటి, వారంలో ఎన్నిసార్లు తింటారన్నది ఇంకొకటి, వండిన గిన్నెలో ఎవరికి ఎన్ని ముక్కలు పడ్డాయన్నది మరొకటి. శనివారాలు, సోమవారాలు, కార్తీకం, శ్రావణం, మాలధారణ రోజులు తీసేస్తే మిగిలేది ఆదివారం. ఆ ఆదివారం కూడా అందరికీ వడ్డించాక కూర్చునే ఇల్లాలికి పులుసు మిగలడమే మామూలు.

బి12 రోజుకు రెండు మైక్రోగ్రాముల పైచిలుకు చాలు. కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అందుకే లోటు చప్పుడు చేయకుండా పేరుకుని, తిమ్మిర్లుగానో నడకలో తూలుగానో మతిమరుపుగానో బయటపడుతుంది. తెలుగు ఇళ్లలో ఇప్పుడు దాన్ని పెంచుతున్నవి రెండు మాత్రలు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకుంటే బి12 ఒంటపట్టడం తగ్గుతుంది. పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గించి అదే పని చేస్తుంది. వయసు పైబడ్డాక ఆమ్లం దానంతటదే తగ్గడం ఇంకో కారణం. షుగర్ వల్ల వచ్చే తిమ్మిర్లకూ బి12 లోటు తిమ్మిర్లకూ పైకి తేడా తెలియదు. ఏళ్లుగా షుగర్ మాత్ర మింగుతున్న మనిషికి కాళ్లు మొద్దుబారితే అంతా షుగరే అనుకుని వదిలేయడం వల్ల, నయం చేయగలిగిన లోటు నయం కాకుండా ఉండిపోతుంది.

ఫోలేటు చరిత్రలో భీమవరానికి చోటుంది. బొంబాయిలో పేద గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని లూసీ విల్స్ 1931లో ప్రకటించారు. అందులోని పదార్థాన్ని పట్టుకుని, 1945లో కృత్రిమంగా తయారు చేసింది అమెరికాలోని లెడర్లీ పరిశోధకులు. వాళ్లకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తిన్నది ఒంటపట్టనివ్వని స్ప్రూ వ్యాధి ఆయన సోదరుణ్ణి బలిగొంది. ఆ వ్యాధిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లమే మందుగా అక్కరకొచ్చింది. ఆకుకూరల్లో, కందుల్లో, శనగల్లో, పెసల్లో ఫోలేటు బాగా ఉంటుంది. మరీ ఎక్కువసేపు ఉడికిస్తే పోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. బి12 లోటు ఉన్నవాళ్లకు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే నెత్తురు బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాల నష్టం మాత్రం లోపల సాగిపోతూనే ఉంటుంది.

కాల్షియం, విటమిన్ డి కలిసి నడిచేవి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఆ చుట్టుపక్కల పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. రెండు చోట్లా తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని ఒంటపట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ, విటమిన్ డి లోటు విస్తారం. ఎండకు కరువు లేని రాయలసీమలో పొలం పనివాళ్లు కూడా అందులో ఉన్నారు. ఎండలో పనిచేస్తే విటమిన్ డి దానంతటదే సరిపోతుందన్న భరోసాకు ఈ ఫలితాలు కొంత గండి కొట్టాయి. పట్నంలో ఏసీ గదుల్లో, దుకాణాల్లో పగలంతా గడిపేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. చర్మం విటమిన్ డి తయారు చేసుకునేది నడి పగటి ఎండలో, ఉదయపు నడకలో తగిలే లేత ఎండలో కాదు.

నల్లగొండకు ఇందులో మరో బాధ కలిసింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన అక్కడి పల్లెల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే యువకులను 1970ల్లో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరీక్షించారు. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ ఎముకను మరింత దెబ్బతీస్తుంది. మంచి నీళ్లు అందించడం ఎంత ముఖ్యమో, అలాంటి చోట కాల్షియం అందించడమూ అంతే ముఖ్యం. దానికి ఖరీదైన వస్తువులేమీ అక్కర్లేదు. రాగి అంబలి, పెరుగు, మజ్జిగ, నువ్వులు, మునగాకు, ముళ్లతో పాటు నమిలే ఎండు నెత్తళ్లు చాలు. పాలకూరలో కాల్షియం కాగితం మీద బాగానే ఉన్నా ఆక్సలేట్లు దాన్ని చాలావరకు బంధించేస్తాయి. ఇక వారానికోసారి వాడే 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి, మాత్రలు ఇప్పుడు మందుల దుకాణాల్లో చీటీ లేకుండానే దొరుకుతున్నాయి. అది కొవ్వులో నిల్వ ఉండే విటమిన్. నెలల తరబడి ఎడాపెడా వాడితే నెత్తురులో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇన్ని కొరతల మధ్య గెలుపు కథ ఒకటే, అది అయోడిన్. శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు హిమాచల్‌లోని కాంగ్రా లోయలో 1956 నుంచి చేసిన పరిశీలన, అయోడిన్ కలిపిన ఉప్పు వాడితే గొంతు వాపు (గాయిటర్) తగ్గుతుందని రుజువు చేసింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మనుషుల వాడకానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదన్న నిషేధం 2006లో దేశమంతటా అమల్లోకి వచ్చింది. దీన్ని గెలిపించింది ఉపన్యాసాలు కాదు. ఎవరి అలవాటూ మార్చకుండా, ప్రతి వంటింట్లోకీ ఎలాగూ వెళ్లే వస్తువును మార్చారు. పౌర సరఫరాల శాఖ నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. అయితే ఈ గెలుపుకు కూడా బీటలు పడుతున్నాయి. చదువుకున్న ఇళ్లలో సైంధవ లవణం, గులాబీ ఉప్పు మోజు పెరిగింది, వాటిలో చాలినంత అయోడిన్ ఉండదు. పచ్చళ్లకు తెచ్చిన కల్లుప్పునే కూరల్లోనూ వాడటం పల్లెల్లో ఇంకా ఉంది.

మిగతా వాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నోటి మూలలు పగలడానికి తరచూ కారణమయ్యే రైబోఫ్లేవిన్ లోటు పాలు, గుడ్లు తక్కువగా తినే ఇళ్లలో సాధారణం. జింకు కూడా ఇనుములాగే ఫైటేట్ల వల్ల ఒంటపట్టదు. పప్పులు నానబెట్టడం, మొలకెత్తించడం, పిండి పులియబెట్టడం ఆ అడ్డును తగ్గిస్తాయి. ఇడ్లీ, దోసెలు ఆ విషయంలో మేలైన వంటలే.

ప్రభుత్వాల చూపు ఇప్పటిదాకా ఎక్కువగా పిల్లలు, గర్భిణులు, బాలింతల మీద ఉంది. అది న్యాయమే. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్య లక్ష్మి గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో రోజూ పప్పు, కూర, గుడ్డు, పాలతో ఒక పూట భోజనం పెట్టింది. బిడ్డకు ఆరు నెలలు నిండగానే ఆ తల్లి లెక్కలోంచి జారిపోతుంది. 2018 నాటి అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం ఎంచుకున్న ఆరు వర్గాల్లో 19 దాటిన మగవాళ్లు లేరు, 49 దాటిన ఆడవాళ్లూ లేరు. కల్లు గీసే మనిషి, హమాలీ, బస్సు డ్రైవరు, నెలసరి ఆగిపోయి ఎముకలు పలచబడుతున్న 55 ఏళ్ల వ్యవసాయ కూలీ, ఒంటరిగా ఒకే పూట వండుకుని రెండు పూటలా తినే ముసలాయన, వీళ్లెవరూ ఏ పోషకాహార పథకంలోనూ కనిపించరు. వీళ్లందరి పేర్లూ ఉన్న జాబితా ఒక్కటే, అది రేషన్ కార్డుల జాబితా.

పోషకాలు కలిపిన బియ్యంతో ఆ పని అయిపోయిందని అనుకోవడానికి వీల్లేదు. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక ఆ బియ్యం దశలవారీగా రేషన్ షాపులకు వచ్చింది. 2028 డిసెంబరు దాకా దాన్ని కొనసాగించాలని 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. బియ్యం పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మళ్లీ గింజల్లా ఒత్తి, వంద మామూలు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. ప్రమాణం ప్రకారం కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలి. రోజుకు 200 గ్రాములు తింటే దాని వల్ల 5.6 నుంచి 8.5 మిల్లీగ్రాములు చేరుతాయి. తీసిపారేయాల్సిన మొత్తం కాదు. కాల్షియం, విటమిన్ డి, విటమిన్ సి, మాంసకృత్తులు మాత్రం దాంతో రావు. నీళ్లలో తేలుతూ రంగు తేడాగా కనిపించే ఆ గింజలను ప్లాస్టిక్ బియ్యం అనుకుని ఏరి పారేసిన ఇళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. డీలరు చేత ఒక్క మాట చెప్పించకుండా, సంచి మీద ముద్ర కొట్టి సరిపెట్టుకున్నందుకు వచ్చిన ఫలితం అది. సికిల్‌సెల్ ఎక్కువగా ఉన్న ఏజెన్సీ మండలాల్లో ఇంకొంచెం ఓపిక కావాలి. తరచూ రక్తం ఎక్కించుకునే రోగుల ఒంట్లో ఇనుము అప్పటికే ఎక్కువగా పేరుకుని ఉంటుంది. అలాంటివాళ్లకు మామూలు బియ్యం అడిగి తీసుకునే వీలు దుకాణంలోనే ఉండాలి.

తెలంగాణ 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇస్తోంది. దొడ్డు బియ్యం తినలేక అమ్ముకునే అవస్థ దీనితో తగ్గితే మంచిదే. కానీ సన్నమైనా దొడ్డైనా తెల్లగా పాలిష్ పట్టాక పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. నాణ్యత అంటే గింజ సన్నదనం, తెలుపు, నూకల శాతం అనే కొలతల్లోనే మిల్లులకు వడ్లు అప్పగించే నిబంధనలు నడుస్తున్నాయి. పాలిష్ తగ్గించిన బియ్యానికి ఆ నిబంధనల్లో చోటు కల్పించవచ్చు. తవుడు మిగిలిన బియ్యం త్వరగా ముక్కిపోతుంది కాబట్టి దాన్ని నెలల తరబడి గోదాముల్లో ఉంచడం కుదరదు. ఏ జిల్లాలో పండింది ఆ జిల్లాలోనే, మర పట్టిన కొద్ది వారాల్లో పంచగలిగిన చోట మొదలుపెట్టాలి. ఉప్పుడు బియ్యాన్ని బలవంతంగా అంటగట్టకుండా, కావాలన్నవాళ్లకు ఇచ్చే ఏర్పాటు యాసంగి వడ్లు పండే జిల్లాల్లో ఒక సీజను చేసి చూడవచ్చు. ఇడ్లీలకు ఉప్పుడు రవ్వ కొనే ఇళ్లలోనైనా అది కదులుతుంది.

బియ్యం కన్నా ముందు చూడాల్సింది పప్పు. ఒక నెల వచ్చి ఇంకో నెల మాయమయ్యే కందిపప్పును నమ్ముకుని ఏ ఇల్లూ వంట మార్చుకోదు. తమిళనాడు 2007 నుంచి రేషన్ షాపుల్లో కందిపప్పు, పామాయిల్ తక్కువ ధరకు ఇస్తోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2013 ఉగాదికి అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు కందిపప్పు, నూనె, చింతపండు, పసుపు సహా తొమ్మిది సరుకులు ఇచ్చారు. నాణ్యత మీద ఫిర్యాదులు, సరఫరాలో అంతరాయాలు దాన్ని దెబ్బతీశాయి. పథకం ఆలోచనలో లోపం లేదు. తొమ్మిది సరుకులు అక్కర్లేదు, మనిషికి నెలకు ఒక కిలో పప్పు ఏడాది పొడుగునా తప్పకుండా ఇవ్వగలిగితే ఫోలేటు, ఇనుము, జింకు, మాంసకృత్తులు నాలుగింటికీ కదలిక వస్తుంది. కందులు, పెసలు, శనగలు రెండు రాష్ట్రాల మెట్ట రైతులు పండించేవే. ధర పడిపోయినప్పుడు వాటిని కొనే బాధ్యతా ప్రభుత్వానిదే కాబట్టి, వరికి చేస్తున్నట్టే కొని ఇక్కడే పంచవచ్చు.

రాగులు, జొన్నలు కూడా అలాగే. కర్ణాటక దక్షిణ జిల్లాల్లో రాగులు, ఉత్తర జిల్లాల్లో జొన్నలు రేషన్‌లో ఇస్తోంది. రాయలసీమలో బియ్యం బదులు కొంత రాగులు, జొన్నలు ఇచ్చే ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ చేసింది. అది నిలకడగా సాగాలంటే సేకరణ ముందు రావాలి, పంపిణీ తర్వాత. గ్రామంలో పిండి మర ఉందో లేదో కూడా చూసుకోవాలి, రాగులిచ్చి మర పట్టించే దారి లేకపోతే అవి కోళ్ల దాణాగా వెళ్తాయి.

రేషన్‌లో గుడ్డు గురించి రెండు ప్రభుత్వాలూ ఎందుకు సంకోచిస్తున్నాయో అర్థం కాదు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణా ముందు వరసలోనే ఉంది. బి12, రైబోఫ్లేవిన్, విటమిన్ ఎ, కొంచెం విటమిన్ డి ఒకే పెంకులో దొరికే వస్తువు ఇంత చవకగా ఇంకొకటి లేదు. 60 దాటిన కార్డుదారులకు, ఒంటరి ఆడవాళ్లకు అంగన్‌వాడీ సరఫరా బండిలోనే వారానికి కొన్ని గుడ్లు పంపించవచ్చు. గుడ్డు తిననివాళ్లకు ఆ విలువకు పాలు ఇవ్వవచ్చు. జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన, అయోడిన్‌తో పాటు ఇనుము కూడా కలిపిన ఉప్పును రేషన్‌లో పెట్టడం వీటన్నిటికన్నా తేలిక. బియ్యంలోనూ ఉప్పులోనూ ఇనుము కలిసినప్పుడు మొత్తం ఎంతవుతుందో మాత్రం ఆ సంస్థ చేతనే లెక్క కట్టించుకోవాలి.

ఇవన్నీ ఒకేసారి రెండు రాష్ట్రాల్లో మొదలుపెట్టాలని కోరడం లేదు. ఒక డెల్టా మండలం, ఒక మెట్ట మండలం, ఒక ఏజెన్సీ మండలం ఎంచుకుంటే చాలు. సరుకులు మార్చకముందే అక్కడి కార్డుదారుల్లో మగా ఆడా, పడుచూ ముసలీ అందరి నుంచీ నమూనాలు తీసి, సిర నుంచి తీసిన నెత్తురులో హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, బి12, విటమిన్ డి కొలవాలి. రెండేళ్లకు మళ్లీ కొలవాలి. కొలిచేది సరుకులు పంచిన శాఖ కాకూడదు. ఫలితం ఎలా వచ్చినా మండలాలవారీగా బయటపెట్టాలి, తగ్గని లోటు పేరు కూడా అందులో ఉండాలి. తర్వాతి ఏడాది సరుకుల జాబితాను ఆ కాగితం ముందు పెట్టుకుని రాయాలి.

ఇట్లు,
ఒక పౌరుడు